పరుగుకు గుర్రం... బరువుకు ఎద్దు!

2012 అక్టోబరు 12, రాత్రివేళ. లాస్ ఏంజెలెస్ నగరంలో ఓ వంతెన దగ్గర పెద్ద హడావుడి. 25 సార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చిన ఎండీవర్ స్పేస్ షటిల్ తన ఆఖరి ప్రయాణంలో ఉంది. ఈసారి వెళ్లాల్సింది ఆకాశంలోకి కాదు, విమానాశ్రయం నుంచి 12 మైళ్ల దూరంలో ఉన్న కాలిఫోర్నియా సైన్స్ సెంటర్ మ్యూజియానికి. అదీ ఊరి మధ్య నుంచి, మామూలు రోడ్ల మీద. రెక్కలు తగలకుండా ఉండాలని దారిలో ఉన్న దాదాపు 400 చెట్లు కొట్టేశారు. రిమోట్‌తో నడిచే బోలెడన్ని చక్రాల వాహనాల మీద దాన్ని నిలబెట్టి, మనిషి నడిచినంత నెమ్మదిగా తీసుకొస్తున్నారు. అంతా సాఫీగానే సాగింది... ఈ వంతెన వచ్చేదాకా.

కింద ఎప్పుడూ ఖాళీ ఉండని 405 ఫ్రీవే. షటిల్ బరువుకి ఆ వాహనాల బరువు కూడా తోడైతే వంతెనకు క్షేమం కాదన్నారు ఇంజినీర్లు. అందుకని షటిల్‌ని దించి, తేలికైన మరో చక్రాల చట్రం మీదకు మార్చారు. దానికి సొంత ఇంజిన్ లేదు. మరి లాగేదెవరు? వచ్చి ముందు నిలబడింది ఓ టొయోటా టండ్రా పికప్ ట్రక్కు. ప్రత్యేకంగా తయారు చేసిందేమీ కాదు. షోరూంలో ఎవరైనా కొనుక్కోగలిగే బండి. కంపెనీ లెక్కలో అది లాగగలిగేది దాదాపు నాలుగున్నర టన్నులు. వెనక కట్టింది చట్రంతో కలిపి దాదాపు 130 టన్నులు!

అయినా లాగేసింది. పావు మైలు దూరం చెక్కుచెదరకుండా తీసుకెళ్లి వంతెన దాటించింది. కంపెనీ దాన్ని ఓ ప్రకటనగా తీసి ప్రపంచమంతా చూపించుకుంది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. నాలుగున్నర టన్నుల బండి 130 టన్నులు లాగితే, మరి ఆ నాలుగున్నర అంకె అబద్ధమా?

కాదు. అసలు ఆ అంకే నిజం. మిగతాదంతా ప్రదర్శన.

చక్రాల మీద ఉన్న బరువుని సమతలంగా ఉన్న రోడ్డు మీద నెమ్మదిగా కదిలించడానికి పెద్ద బలం అక్కర్లేదు. ఆ బరువులో నూటికి ఒకటి రెండు వంతులంత బలం చాలు. రైలు పట్టాల మీదైతే ఇంకా తక్కువ. గూడ్సు యార్డుల్లో నలుగురైదుగురు కలిసి ఖాళీ వ్యాగన్ని భుజంతో తోసుకెళ్లడం పాతతరం వాళ్లు చూసే ఉంటారు. 2019లో ఫోర్డ్ కంపెనీ తన ఎలక్ట్రిక్ పికప్ నమూనాతో పది రైలుపెట్టెల్ని లాగించి చూపించింది. మొత్తం బరువు పది లక్షల పౌండ్ల పైమాటే, అంటే 450 టన్నులకు పైగా. పట్టాలు కాబట్టి సరిపోయింది. అదే బరువుని పట్టాలు దించి మట్టిలో పెడితే అంగుళం కదలదు.

చక్రాల్లేకుండా నేల మీద ఈడ్చడం ఎంత కష్టమో మనవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. సంక్రాంతికో, తిరునాళ్లకో జరిగే బండలాగుడు పోటీల్లో ఒంగోలు ఎడ్లు మోకాళ్లు వంచి, మెడలు చాచి, గిట్టలు నేలలో దిగేసి ఎలా లాగుతాయో చూస్తే చాలు. అమెరికాలోనూ అచ్చం ఇలాంటి పోటీయే ఉంది. మొదట్లో గుర్రాలతో, 1929 నుంచి ట్రాక్టర్లతో, తర్వాత పికప్ ట్రక్కులతోనూ జరుగుతోంది. వాళ్లు బండకు బదులు ఇనుప స్లెడ్‌ని లాగిస్తారు. దానిలో ఓ కిటుకు ఉంది. బండి ముందుకు సాగేకొద్దీ స్లెడ్ మీదున్న బరువుపెట్టె కూడా ముందుకు జరుగుతూ, దాని ముందుభాగాన్ని నేలకేసి అంతకంతకూ గట్టిగా నొక్కుతుంది. మొదట్లో తేలిగ్గా కదిలిన స్లెడ్ చివరికి పర్వతమైపోతుంది. 300 అడుగులు లాగితే ‘ఫుల్ పుల్’. నల్లటి పొగలు చిమ్ముతూ, ముందు చక్రాలు గాల్లోకి లేపుతూ డీజిల్ పికప్పులు లాగే ఆ దృశ్యం చూడ్డానికి జాతరలాగే ఉంటుంది. కాకపోతే ఆ పోటీల కోసమే తయారైన బండ్లు చాలావరకు ఇంకెందుకూ పనికిరావు. పందెపు ఎడ్లని నాగలికి కట్టరు కదా!

మూడు బస్తాల మొనగాడు

అమెరికాలో పికప్ ట్రక్కంటే మనకు స్కూటర్ లాంటిది. వడ్రంగి, రైతు, ప్లంబరు, ఆఖరికి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు కూడా వాడతారు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లొచ్చిన అమ్మానాన్నలని అడగండి, ‘వీధి వీధికీ లారీలంత కార్లు’ అని చెబుతారు. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచీ అక్కడ అత్యధికంగా అమ్ముడుపోయే ట్రక్కు. అంత గిరాకీ ఉన్నచోట కంపెనీల మధ్య పోటీ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎక్కువ లాగేది మాదంటే మాదని కొట్టుకోవడం ఒకవైపు. ఎక్కువ వేగంగా పరిగెత్తేది మాదని ఇంకోవైపు. చిక్కల్లా, ఈ రెండూ ఒకటేనని కొనేవాడు అనుకోవడమే.

1991లో జీఎంసీ కంపెనీ ‘సైక్లోన్’ అని ఓ నల్లటి బుల్లి పికప్‌ని తెచ్చింది. టర్బో ఇంజిన్, 280 హార్స్‌పవర్. ఓ ప్రముఖ కార్ల పత్రిక దాన్ని ఫెరారీ 348 పక్కన నిలబెట్టి పావు మైలు పరుగు పెట్టిస్తే ఫెరారీ ఓడిపోయింది. పికప్ ట్రక్కు చేతిలో ఫెరారీ! ఇప్పటికీ కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఆ కథ చెప్పుకుంటారు. చెప్పుకోనిది ఏమిటంటే, దాని మోత పరిమితి 500 పౌండ్లు. మన లెక్కలో 227 కిలోలు. మూడంటే మూడు ధాన్యం బస్తాలు! ట్రెయిలర్ లాగించడం అసలు వద్దనే చెప్పింది కంపెనీ.

2005లో మన దేశంలో టాటా ఏస్ వచ్చింది. రోడ్ల మీద ‘చోటా హాథీ’ అని పిలిపించుకున్న ఆ బుజ్జి బండి ఇంజిన్ శక్తి 16 హార్స్‌పవర్. మోసేది ముప్పావు టన్ను... అంటే పది బస్తాలు. ఫెరారీని ఓడించిన బండి మూడు బస్తాలకే చేతులెత్తేస్తే, సైకిల్‌కి అన్న వరసైన బండి పది బస్తాలు మోసుకుంటూ రైతుబజారుకి వెళ్లిపోతోందన్నమాట.

అది పాత సంగతి, ఇప్పుడలా ఉండదు అనుకుంటున్నారేమో. ఇప్పుడూ అంతే. ఫోర్డ్ ఎఫ్-150లో 2021 మోడళ్లనే చూద్దాం. మూడున్నర లీటర్ల టర్బో ఇంజిన్‌తో వచ్చిన మామూలు ఎఫ్-150కి 400 హార్స్‌పవర్. తగిన హంగులన్నీ ఉంటే 14,000 పౌండ్లు, అంటే 6,350 కిలోలు లాగుతుందని కంపెనీయే చెప్పింది. అదే కుటుంబంలో ‘రాప్టర్’ అని ఉంది. ఇంజిన్ అదే రకం, ఇంకా పదును పెట్టినది. 450 హార్స్‌పవర్. ధర చాలా ఎక్కువ. లాగేది? 8,200 పౌండ్లు, అంటే 3,720 కిలోలు. బలం పెరిగింది, ధర పెరిగింది, లాగుడు మాత్రం బాగా పడిపోయింది!

ఎందుకలా? రాప్టర్ తయారైంది ఎడారి ఇసుకదిబ్బల మీద ఎగిరి దూకడానికి. దూకినప్పుడు నడుము విరగకూడదంటే స్ప్రింగులు మెత్తగా, పొడవుగా సాగేవి కావాలి. బరువు మోయాలంటే గట్టి స్ప్రింగులు కావాలి. మెత్తటి పరుపు మీద బీరువా పెడితే ఏమవుతుందో అదే ఇక్కడా జరుగుతుంది. వెనక బరువు పడగానే తోక కిందకి, ముక్కు పైకి. ముందు చక్రాల మీద బరువు తగ్గితే స్టీరింగు పట్టు తగ్గుతుంది, ముందు బ్రేకుల పట్టూ తగ్గుతుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు రోడ్డుని వదిలేసి చెట్లకొమ్మల్ని వెతుక్కుంటాయి. ఇంజిన్‌కి ఎంత బలమున్నా దీనికి మందు లేదు.

ఇంకో ఉదాహరణతో ఈ విషయం పూర్తిగా తేలిపోతుంది. 2021లో వచ్చిన రామ్ టీఆర్ఎక్స్‌కి 702 హార్స్‌పవర్. ఆగివున్న చోటు నుంచి నాలుగున్నర సెకన్లలో గంటకి 60 మైళ్ల వేగం. లాగేది 8,100 పౌండ్లు. 2023 నాటి ఫోర్డ్ ఎఫ్-450 సూపర్ డ్యూటీ డీజిల్ ట్రక్కుకి 500 హార్స్‌పవర్. లాగేది 40,000 పౌండ్లు... 18 టన్నులు! దానికి వెనక ఇరుసు మీద రెండువైపులా జంట టైర్లు. ట్రెయిలర్‌ని వెనక బంపరుకి కాకుండా, తొట్టి మధ్యలో సరిగ్గా ఇరుసు మీద పడేలా తగిలిస్తారు. ఇంజిన్ కూడా 1,600 చుట్ల దగ్గరే తన మెలితిప్పే బలమంతా చూపిస్తుంది. అదే టార్క్. నెమ్మదిగా తిరుగుతూనే బరువుని కదిలించే గుణం. పందెపు గుర్రానికీ అరక దున్నే ఎద్దుకీ ఉన్న తేడా ఇదే. ఇంజిన్ శక్తిని గుర్రాలతో కొలవడం మొదలుపెట్టినవాళ్లు ఎద్దుల లెక్క కూడా పక్కనే రాసుంటే కొనేవాళ్లకి ఇంత తికమక ఉండేది కాదు.

తలుపు తీస్తే తెలిసే లెక్క

కొన్నాక ఎంత లాగాలి, ఎంత మోయాలి? ప్రకటనలో పెద్దక్షరాలతో ఉన్న అంకెని నమ్ముకుంటే కష్టమే. అసలు అంకె డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే దాని పక్క కమ్మీ మీద అంటించిన చిన్న స్టిక్కరు మీద ఉంటుంది. మనుషులు, సామాను అన్నీ కలిపి ఇన్ని కిలోలు దాటకూడదు అని అందులో రాస్తారు. పక్కింటివాడి బండీ మన బండీ ఒకే మోడల్ అయినా ఆ అంకె ఒకటి కానక్కర్లేదు. గాజుపలక కప్పు, పెద్ద చక్రాలు, తోలు సీట్లు... ఇలా హంగులు పెరిగేకొద్దీ మోత తగ్గుతుంది.

రాప్టర్‌కే ఈ లెక్క వేసి చూద్దాం. మోత పరిమితి 1,400 పౌండ్లు, సుమారు 635 కిలోలు. కంపెనీ చెప్పిన గరిష్ఠ బరువు 3,720 కిలోల ట్రెయిలర్‌ని తగిలించామనుకోండి. ట్రెయిలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. కనీసం పదో వంతు ముందుకు, బండి కొక్కెం మీదకు వాలాలి. ఎందుకన్నది తర్వాత చూద్దాం. అంటే 372 కిలోలు బండి నెత్తినే పడ్డాయి. మిగిలింది 263 కిలోలు. ఇప్పుడు అమ్మా, నాన్నా, ఎదిగిన ఇద్దరు పిల్లలు ఎక్కారు. తలా 70 కిలోలు వేసుకుంటే 280. అయిపోయింది! ఇంకా సూట్‌కేసు పెట్టలేదు, పులిహోర డబ్బా పెట్టలేదు. పరిమితి అప్పుడే దాటేసింది.

ప్రకటనలో అంకె తప్పు కాదు, అందులో మనుషుల లెక్క వేరు. ట్రక్కుల లాగుడు సామర్థ్యాన్ని కొలవడానికి అమెరికాలో ‘ఎస్ఏఈ జె2807’ అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం బండిలో ఉండేది ఇద్దరే. ఒక్కొక్కరి బరువు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు. ఇంట్లో నలుగురున్నవాళ్లు ఆ లెక్కని తమకు తగ్గట్టు మార్చుకోవాల్సిందే.

అయినా ఆ ప్రమాణం వచ్చాక పరిస్థితి చాలా మెరుగైంది. 2008కి ముందు ఎవరి కొలత వారిది, ఎవరి డప్పు వారిది. అవతలి కంపెనీ పదివేలంటే ఇవతలివాళ్లు పదివేల రెండొందలనేవాళ్లు. అందరికీ ఒకే పరీక్ష ఉండాలని ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం 2008లో ఈ నిబంధనలు ప్రచురించింది. 2011 మోడళ్లతో మొదట ఒప్పుకున్నది టొయోటా. ఆ కొలతతో తన ట్రక్కుల అంకెలు తగ్గుతున్నా ప్రకటించేసింది. పోటీ కంపెనీలు మాత్రం మరో మూడు నాలుగేళ్లు తాత్సారం చేశాయి. ముందు తగ్గినవాడు ఓడినట్టు కదా!

ఇంతకీ ఆ పరీక్ష ఏమిటి? అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది మీద డేవిస్ డ్యాం ఉంది. దాని దగ్గర బుల్‌హెడ్ సిటీ నుంచి కొండల్లోకి ఎక్కే రోడ్డు ఒకటుంది. 11.4 మైళ్లు, అంటే 18 కిలోమీటర్ల పైచిలుకు ఏకబిగిన ఎక్కుడే. వేసవిలో అక్కడ ఎండ మండిపోతుంది. పరీక్షకి కనీసం 100 డిగ్రీల ఫారన్‌హీట్, దాదాపు 38 సెల్సియస్ ఉండాలి. ట్రెయిలర్ నిండా బరువేసుకుని, ఏసీ పూర్తిగా పెట్టి, వేగం ఎక్కడా గంటకి 40 మైళ్లకు తగ్గకుండా ఆ కొండ ఎక్కాలి. జంట టైర్ల బండికైతే 35 మైళ్లు. మధ్యలో ఇంజిన్ మరిగిపోకూడదు, ఏ హెచ్చరిక దీపమూ వెలగకూడదు. ఏసీ ఎందుకంటారా? ఎండలో కొండెక్కేవాడు ఏసీ ఆపేసి చెమటలు కక్కుతూ వెళ్లడు కదా, నిజంగా వాడినట్టే పరీక్షించాలన్నది వాళ్ల ఉద్దేశం. ఇదికాక, నూటికి 12 వంతుల వాలున్న చోట ఆగి మళ్లీ కదలాలి. ముందుకి ఐదుసార్లు, వెనక్కి ఐదుసార్లు. సమతలం మీద 30 సెకన్లలో 60 మైళ్ల వేగం అందుకోవాలి. ఖాళీగా నాలుగున్నర సెకన్లలో అందుకునే బండ్లు అమ్ముకునేవాళ్లకి ఈ 30 సెకన్ల సంగతి ప్రకటనల్లో పెట్టాలనిపించదు.

నొగల మీద కూర్చున్న రైతు

కొక్కెం మీద పదో వంతు బరువు పడాలని ఇందాక అనుకున్నాం. దీని వెనకున్న కారణం అమెరికా ఇంజినీరుకన్నా మన బండి తోలే రైతుకి బాగా తెలుసు. ఎడ్లబండికి గడ్డి ఎక్కించేటప్పుడు వెనక బరువెక్కువైతే నొగలు పైకి లేస్తాయి. కాడి ఎడ్ల మెడల్ని పైకి ఎత్తేస్తుంది. ముందు బరువెక్కువైతే కాడి మెడ మీద అణిచేస్తుంది, ఎడ్లు అడుగు వెయ్యలేవు. అందుకే ఎత్తేటప్పుడే ఇరుసుకి అటూ ఇటూ చూసుకుంటూ వేస్తారు. చివర్లో కొంచెం వెనక బరువుగా అనిపిస్తే రైతు తానే ముందుకు జరిగి నొగల మీద కూర్చుంటాడు. తూకం సరిపోతుంది.

ఎడ్లబండి నడిచేది నెమ్మదిగా కాబట్టి తూకం తప్పితే ఎడ్లు ఇబ్బందిపడతాయి, అంతే. పికప్ వెనక ట్రెయిలర్ పరిగెత్తేది గంటకి 100 కిలోమీటర్ల వేగంతో. అక్కడ వెనక బరువెక్కువైతే ట్రెయిలర్ పాములా అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది. పక్క నుంచి లారీ దూసుకెళ్లినా, గాలి ఒక్కసారిగా కొట్టినా చాలు. మొదట కొద్దిగా, తర్వాత ఇంకాస్త, క్షణాల్లోనే ముందున్న బండి తోకని పట్టుకుని ఊపేసేంతగా. కుక్క తోకని ఊపాలి గానీ తోక కుక్కని ఊపితే ఎలా? ఇలా అదుపు తప్పి బోల్తా పడ్డ బండ్లు అమెరికా హైవేల మీద ఎన్నో. అందుకే ట్రెయిలర్ బరువులో పది నుంచి 15 శాతం వరకు కొక్కెం మీద ఉండాలంటారు.

ఇది అక్కడి మన పిల్లలకీ పనికొచ్చే సంగతే. చదువు పూర్తయ్యి, వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి, నాలుగు కుర్చీలూ ఓ పరుపూ పుస్తకాల పెట్టెలూ వేసుకుని వెళ్లేవాళ్లు యూ-హాల్ లాంటి కంపెనీల నుంచి ట్రెయిలర్ అద్దెకు తీసుకోవడం మామూలే. స్నేహితుడి పికప్పో, ఎస్‌యూవీనో ముందు కడతారు. సామాను ఎక్కించేటప్పుడే పొరపాటు జరుగుతుంది. తలుపు వెనకవైపు ఉంటుంది కాబట్టి, బరువైన వస్తువుని ఆఖర్న తెచ్చి అక్కడే పెట్టేస్తారు. నిజానికి బరువైనవి ముందుగా ఎక్కించి లోపలికి తొయ్యాలి. సామాను బరువులో 60 శాతం ముందు సగంలో ఉండాలనీ, గంటకి 55 మైళ్లు దాటొద్దనీ యూ-హాల్ వాళ్లు చెబుతూనే ఉంటారు. రోడ్డు ఖాళీగా కనిపిస్తే 55 మైళ్లు నడిపించడానికి పాతికేళ్ల కుర్రాళ్లకి చెయ్యి రాదు, అది వేరే సంగతి.

ఒకవేళ ఊగడమే మొదలైతే? కంగారులో అందరూ చేసేది బ్రేకు తొక్కడం, స్టీరింగు ఎదురు తిప్పడం. రెండూ ప్రమాదాన్ని పెంచేవే. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్యాలి. స్టీరింగు నిటారుగా, గట్టిగా పట్టుకోవాలి. వేగం దానంతటది తగ్గితే ఊపూ తగ్గుతుంది. ట్రెయిలర్‌కి సొంత బ్రేకులుండి, వాటిని చేత్తో వేసే మీట డ్రైవర్ దగ్గర ఉంటే దాన్ని మాత్రం మెల్లగా నొక్కొచ్చు. వెనక నుంచి ఎవరో తాడు బిగించి పట్టినట్టు ట్రెయిలర్ సర్దుకుంటుంది. తర్వాత బండి పక్కకు ఆపి, చెమట తుడుచుకుని, సామాను మళ్లీ సర్దుకోవాలి.

బ్రేకుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఓ మాట. అక్కడ చాలా రాష్ట్రాల్లో ట్రెయిలర్ బరువు 3,000 పౌండ్లు, అంటే 1,360 కిలోలు దాటితే దానికి విడిగా బ్రేకులుండాలి. కొక్కెం ఊడిపోతే ట్రెయిలర్ తనంతట తానే బ్రేకులు వేసుకునేలా చిన్న బ్యాటరీ, దానికో తీగ ఉంటాయి. కొక్కెం కింద రెండు గొలుసులు అడ్డంగా, ఒకదాన్నొకటి దాటేలా కడతారు. కొక్కెం జారితే దాని ముందుకొన నేలకు తగలకుండా ఆ గొలుసుల ఉయ్యాలలో పడాలని.

ఎక్కడం చూస్తారు, దిగడం ఎవరు చూస్తారు?

డేవిస్ డ్యాం పరీక్ష కొండ ఎక్కడానికే. కానీ ఎక్కిన బండి దిగాలిగా! బరువుతో దిగడమే అసలు గండం. ఎక్కేటప్పుడు ఇంజిన్ చాలకపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు బ్రేకులు చాలకపోతే ఆగదు. వేగం రెండింతలైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. ఆ శక్తంతా బ్రేకుల్లో వేడిగా మారాలి. అదేపనిగా తొక్కితే బ్రేకులు కాగిపోయి, వాసన వేసి, తర్వాత పట్టు వదిలేస్తాయి. 702 హార్స్‌పవర్ ఉన్నా అప్పుడు చెయ్యగలిగిందేమీ లేదు. కొలరాడో కొండల్లో ఐ-70 హైవే పక్కన అక్కడక్కడా కంకర పోసిన ఎత్తైన దారులుంటాయి. బ్రేకులు పోయిన లారీలు వాటిలోకి దూసుకెళ్లి, కంకరలో కూరుకుపోయి ఆగుతాయి.

మన లారీ డ్రైవర్లు కొత్తగా వచ్చినవాళ్లకి ఘాట్ రోడ్డు మీద మొదట చెప్పేది ఎక్కిన గేరులోనే దిగాలని. చిన్న గేరులో ఉంటే ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకులకి పని తగ్గుతుంది. డీజిల్ ఆదా అని న్యూట్రల్‌లో దించేవాణ్ణి పెద్ద డ్రైవర్లు తిట్టకుండా వదలరు. అమెరికా పికప్పుల్లో ఇదే పనికి ‘టో-హాల్’ అని ఓ మీట ఉంటుంది. అది నొక్కితే గేర్లు తొందరపడి మారవు, దిగుడులో బండే చిన్న గేరుకి వెళ్లి పట్టి ఉంచుతుంది. పెద్ద డీజిల్ ట్రక్కుల్లో అయితే పొగ బయటికెళ్లే దారిని కొంత మూసి, ఇంజిన్‌ని ఆపుబలంగా మార్చే ఏర్పాటు కూడా ఉంది. కొనేటప్పుడు ఆ మీట గురించి అడిగేవాళ్లకన్నా స్టీరియో గురించి అడిగేవాళ్లే ఎక్కువంటే ఆశ్చర్యం లేదు.

దిగుడులో ఎలక్ట్రిక్ ట్రక్కులది పైచేయి. మోటారే వెనక్కి పట్టి, ఆ శక్తిని బ్యాటరీలోకి నింపుకుంటుంది. టార్క్ కూడా మీట తొక్కిన క్షణంలోనే వస్తుంది. 2022లో వచ్చిన ఎలక్ట్రిక్ ఎఫ్-150 లైట్నింగ్‌ని చూసి ఇక డీజిల్ రోజులు అయిపోయాయన్నారు. 2023 నవంబరులో టెస్లా తన సైబర్‌ట్రక్ ఆవిష్కరణ రోజున ఇంకో అడుగు ముందుకేసింది. ట్రెయిలర్ మీద ఓ పోర్షే 911ని ఎక్కించుకుని, ఇంకో పోర్షే 911తో పందెం కట్టి గెలిచినట్టు వీడియో వేసింది. పావు మైలు పందెమన్నారు. నిజానికి ఆ పరుగు అందులో సగం దూరమేనని తర్వాత బయటపడింది!

వీడియోలో కనిపించని ఇబ్బంది ఇంకొకటి ఉంది. గాలికి ఎదురొడ్డే ఎత్తైన ట్రెయిలర్‌ని కడితే ఎలక్ట్రిక్ ట్రక్కు ఒక్క చార్జింగుతో వెళ్లే దూరం దాదాపు సగానికి పడిపోతుందని కార్ల పత్రికల పరీక్షల్లో మళ్లీ మళ్లీ తేలింది. డీజిల్ బండికీ మైలేజీ పడిపోతుంది గానీ, ఐదు నిమిషాల్లో ట్యాంకు నింపుకుని పోవచ్చు. ఇక్కడ చార్జర్ దగ్గరికి చేరాక కూడా తిప్పలే. చాలా చోట్ల ఆ స్థలాలు కార్లు ముక్కు పెట్టి నిలపడానికి కట్టినవి. ట్రెయిలర్‌తో పట్టదు. కొక్కెం విప్పాలి, ట్రెయిలర్‌ని ఓ మూల నిలపాలి, చార్జింగ్ పెట్టుకోవాలి, మళ్లీ వచ్చి తగిలించుకోవాలి. 2025 డిసెంబరులో ఫోర్డ్ ఆ లైట్నింగ్ తయారీని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దాని తర్వాత రాబోయేదానిలో బ్యాటరీని నింపడానికి ఓ పెట్రోలు ఇంజిన్ కూడా పెడతామంది.

ఇంజిన్ ఏదైనా, బరువు లాగడం అలవాటున్నవాళ్లని అరిజోనాలోనో టెక్సాస్‌లోనో ఏ పెట్రోలు బంకులో చూసినా ఇట్టే గుర్తుపట్టొచ్చు. బండి ఆపగానే కాఫీకి వెళ్లరు. ముందు చుట్టూ ఓసారి తిరుగుతారు. కొక్కెం పిన్ను ఉందా, గొలుసులు నేలకు రాసుకుంటున్నాయా, లైట్లు వెలుగుతున్నాయా అని చూస్తారు. తర్వాత వంగి, ట్రెయిలర్ చక్రం నడిమి భాగం దగ్గరికి అరచెయ్యి తీసుకెళతారు. వెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగో బ్రేకో పట్టేసిందని అర్థం. మన హైవేల మీద దాబా ముందు లారీ ఆగగానే క్లీనరు రాడ్డు పట్టుకుని దిగి, టైర్లని ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ శబ్దం వింటాడు చూడండి... అదే పని, అదే శ్రద్ధ. టీ ఆ తర్వాతే.